మెర్విన్ అంచనా

మెర్విన్ డాష్కో ఐస్ హాకీ మ్యాచ్‌ని ఎన్నడూ కూర్చుని చూడడు. ఆట జరిగే మంచు రింకు మూలనున్న అద్దపు గోడకు భుజం ఆనించి నిలబడతాడు. ఆ చలికి పెన్ను రాయదని పెన్సిలుతోనే రాసుకుంటాడు. ముప్పై ఏళ్లుగా కెనడాలోని సస్కాచెవాన్ ఊళ్లు తిరుగుతూ కుర్రాళ్లను అంచనా కట్టడమే అతని పని. పక్, అదే ఆ రబ్బరు బిళ్ల, ఎటు పోతోందో పట్టించుకోడు; ఆటగాడి తల ఎటు తిరుగుతోందో చూస్తాడు. కోపమొస్తే దవడ బిగుసుకుంటుందే తప్ప నోట మాట రాదు.

ఆ ఆదివారం మాత్రం వచ్చింది. అతను పనిచేసే క్లబ్బు వేసవిలో ఎంపిక చేసుకున్న డిఫెన్స్ కుర్రాడు కోల్బీ మూలకు దూసుకొచ్చాడు. ఎదుటి జట్టువాడు గోడవైపు తిరిగి వంగి ఉన్నాడు. గుద్దితే మెడ విరిగేది. కోల్బీ చివరి క్షణంలో పక్కకు తప్పుకుని, కర్రతో పక్ మాత్రం లాక్కుపోయాడు. "పిరికి వెధవా!" అని జనం అరిచారు. పక్కనే ఉన్న కొత్త మేనేజరు డార్సీ నవ్వాడు.

"చూశావుగా పెద్దాయనా, వీడిలో పస లేదు. మెత్తనోడని రాసెయ్, వదిలించుకుందాం."

"వీపు తిప్పినోణ్ణి గుద్దాలా?"

"గుద్దాలి. ఆటంటే అదే."

"వాడు చక్రాల కుర్చీలో పడితే నువ్వెళ్లి తోస్తావా?" మెర్విన్ డార్సీ వైపు తిరిగాడు. "మా తమ్ముణ్ణి పదేళ్లు తోశాన్రా నేను!"

తర్వాత కాగితం మీద గట్టిగా రాసి డార్సీ చేతిలో పెట్టాడు: "అంత వేగంలోనూ ఎదుటివాడి మెడ చూడగలిగాడు. వీణ్ణి వదలొద్దు."

నెల తిరక్కుండా మెర్విన్ ఉద్యోగం పోయింది. కోల్బీని మాత్రం వాళ్లు వదులుకోలేదు.