బాబాయి ఇంజను గదీ, రెండు అంగళ్ళూ

ఆ రోజుల్లో మాకు శత్రువులకు కొదవ ఉండేది కాదు. పెద్దవాళ్ళు గట్టు జరిపారనో, ఓటు వెయ్యలేదనో కొట్టుకునేవాళ్ళు. మా ఈడు వాళ్ళం మాత్రం మా మొహం ఎన్నడూ చూడని, చూసే ఉద్దేశం కూడా లేని, ఎక్కడో సముద్రాల అవతల ఉన్న రెండు కంపెనీల తరఫున ఒకరి గొంతు ఒకరం పట్టుకునేవాళ్ళం. అవి కంప్యూటర్ ఆటలు అమ్మే అంగళ్ళు. అంగడంటే షట్టరూ, తక్కెడా, గుమ్మానికి నిమ్మకాయా ఏమీ ఉండవు. తెర మీద ఒక చిన్న బొమ్మ, నొక్కితే తెరుచుకుంటుంది, డబ్బు కడితే ఆట దిగుతుంది. మాకు మీసాలు రాకముందు నుంచీ ఉన్నది పాత అంగడి, తర్వాత వచ్చింది కొత్త అంగడి. ఇందులో కొన్న ఆట అందులో తెరుచుకోదు, ఇక్కడి స్నేహితులు అక్కడ కనపడరు. నేను పాత అంగడి మనిషిని. ఆ సంగతి ఆ అంగడికి తెలియదు. (నీకు వాళ్ళు ఏం చేశారని ఎవరైనా అడిగితే, ఎండాకాలంలో సగం ధరకు ఇచ్చారని చెప్పేవాణ్ణి. ప్రాణం పెట్టడానికి అది చాలనుకునే వయసు.)

ఈ యుద్ధంలోకి మా బాబాయి ఎలా వచ్చాడో చెప్పాలంటే ముందు రొయ్యల గురించి చెప్పాలి. మా నాన్న తమ్ముడు విడవలూరు అవతల, ఉప్పుగాలి తగిలే చోట, రొయ్యల గుంటలు కౌలుకు తీసుకుని సాగు చేసేవాడు. గట్టు మీద రేకుల షెడ్డు, అందులో ఒక మంచం, మేత బస్తాలు, జనరేటరు, దొంగల కోసం పెట్టించిన కెమెరాలకు ఒక కంప్యూటరు. వాటిని బిగించినవాడు కరెంటు భాయ్. గుంటల్లో నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్ల మోటార్లు చుట్టుపక్కల ఎవరివి ఆగినా ఆయనే రావాలి. కెమెరాల్లో దొంగలు ఎన్నడూ పడలేదు. కొంగలు పడ్డాయి, గట్టు మీద నడిచే బాబాయి పడ్డాడు. "ఇంత డబ్బు పోసి నా బట్టతల నేను చూసుకుంటుండా గదరా" అని బాబాయి దిగులు పడితే, ఆ కంప్యూటరుకు ఒక సార్థకత ఉండనీ అని ఒక ఆదివారం నేను పడవ ఆట ఎక్కించాను.

అది ఇద్దరు ఆడవలసిన ఆట. తుఫానులో ఒక ముసలి సరుకు ఓడ. ఒకరు పైన చుక్కాని పట్టుకోవాలి, ఇంకొకరు కింద ఇంజను గదిలో బొగ్గు వెయ్యాలి, నీళ్ళు తోడాలి, వేడెక్కితే చల్లార్చాలి. నేను నెల్లూరులో కాలేజీ దగ్గర గదిలో కూర్చుని చుక్కాని పట్టేవాణ్ణి, బాబాయి మధ్యాహ్నం మేత చల్లి వచ్చి గుంట గట్టున ఇంజను గదిలో దిగేవాడు. జన్మంతా జనరేటరుతో కాపురం చేసిన మనిషి కదా, ఆయనకు ఎవరూ ఏమీ నేర్పనక్కర్లేకపోయింది. తిట్టడం కూడా.

"ఏంది అబ్బయా, ఎదర తుఫాను పెట్టుకోని ఫుల్లు స్పీడంటావు? ఇంజను నీ తాత చేయించినాడా? తిప్పరా ఎడంపక్కకి! ఎడమంటే నువ్వు అన్నం తినని చెయ్యి!"

వెనక నుంచి పిన్ని గొంతు వినపడేది. "ఎవుర్నయ్యా అట్టా తిడతుండావు?"

"ఓడ కెప్టెన్ని."

"కెప్టెన్ని యాడన్నా తిడతారా?"

"ఈ కెప్టెన్ని నిక్కర్లప్పటి నుంచీ తిడతానే ఉండాలే."

అట్లా రెండేళ్ళు ఆ ఓడ మునుగుతూ తేలుతూ నడిచింది. అప్పుడు రెండో భాగం వస్తోందన్నారు. సంబరపడి చదివితే, కింద చిన్న అక్షరాల్లో, మొదటి ఏడాది పొడుగునా కొత్త అంగట్లో మాత్రమే అని ఉంది. నేను బస్సెక్కి, దగ్గరి చుట్టం పోయిన మొహంతో గుంటల కాడ దిగాను.

"ఎవరు పోయినార్రా?" అంది పిన్ని.

"ఆట పోయింది పిన్నీ."

"సరే, కాళ్ళు కడుక్కో. పులుసుంది."

(ఏడుపుకు ఒక్క మాటతో గాలి తీసేసే ఈ విద్య నాకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందని అడిగేవాళ్ళకు ఇది జవాబు.)

అన్నం తింటూ బాబాయికి విషయం చెప్పాను. ఆట చేసినవాళ్ళకు కొత్త అంగడాయన ముందుగానే డబ్బిచ్చాడు, అందుకని ఏడాది దాకా సరుకు ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా అమ్మకూడదు, ఇదీ ఒప్పందం. బాబాయి చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

"మేతాయన!" అన్నాడు.

మేతాయనంటే మా వైపు అందరికీ తెలిసిన వ్యాపారి. పిల్ల రొయ్యలూ, మేతా అప్పు మీద ఇస్తాడు. పంట మాత్రం ఆయనకే అమ్మాలి, ఆయన చెప్పిన రేటుకే. ఆ చుట్టుపక్కల గుంటల్లో సగం పైగా గట్టున ఆయన పేరు బోర్డు పాతినవే. బాబాయి కూడా ఒకప్పుడు ఆ బోర్డు కిందే ఉండి, నానా తిప్పలు పడి బయటికొచ్చాడు. మేత రొక్కానికి కొనేవాడు, పంట నచ్చినవాడికి అమ్మేవాడు. పట్టుబడి నాడు, అంటే గుంటలోంచి రొయ్యలు పట్టే రోజు, కొనేవాళ్ళ వ్యాన్లు గట్టు పొడుగునా నిలబడి రేటు పెంచుకుంటూ పోతుంటే, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని, "ఇంకో మాట చెప్పన్నా, వింటుండా" అనేవాడు. ఆయన దగ్గర ఉన్న ఆస్తి అదొక్కటే అనుకుంటాను, ఆ "వింటుండా" అనే మాట. గుంటలు కౌలువి, షెడ్డు రేకులది.

అందుకని పోట్లాట నాకంటే ఆయనకు ఎక్కువైంది. ఆ మధ్యాహ్నమే కరెంటు భాయ్‌ను పిలిపించి, వేయించిన రొయ్యల పళ్ళెం మధ్యలో పెట్టి, ఏడాదయ్యే వరకు ఎవరమూ కొత్త అంగడి గడప తొక్కకూడదని మా ఇద్దరి చేతా మాట తీసుకున్నాడు. కరెంటు భాయ్ ఇబ్బందిగా కదిలాడు.

"అన్నా, వాళ్ళు వారం వారం ఒక ఆట ఊరికే ఇస్తుండారు. అవి తీసుకోవచ్చునా?"

"ఎన్ని తీసుకున్నావు?"

"చానా ఉండాయి."

"ఎన్ని ఆడినావు?"

"ఒక్కటి గూడా ఆడలేదన్నా. నా కంప్యూటర్లో పట్టవు."

"మేతాయన గూడా మొదట క్యాలెండరూ, స్టీలు బకెట్టూ ఊరికేనే ఇచ్చినాడు భాయ్. నా మాట విను, తీసుకోబాక."

భాయ్ తల ఊపాడు. (ఇంటికి పోయి ఆ వారందీ తీసుకున్నాడు. మనిషన్నాక.)

తర్వాత ఆట చేసినవాళ్ళ పేజీలో మా నిరసన రాయాలన్నాడు. ఆయన తెలుగులో చెప్తుంటే నేను ఇంగ్లీషులో కొట్టాను. "రాయి. అయ్యా, ఇయ్యాల అడ్వాన్సు తియ్యగానే ఉంటది. రేపు వాడు చెప్పిందే రేటు, వాడు నిలబడమన్నదే గట్టు. అమ్ముడుపోయినాక మీ సరుక్కి మీరు కూలోళ్ళు." నేను దీనికి నా సొంత ఉప్పూకారం కలిపి, చివర మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టి వదిలాను. ప్రపంచం ఆగిపోతుందనుకున్నాను. ఏరేటర్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

రెండు రోజులకు జవాబొచ్చింది. నేను ఫోన్లో చదివి వినిపించాను. "మేము నలుగురమే. మొదటి ఆట మీద వచ్చింది అయిపోయింది. ఈ అడ్వాన్సు లేకపోతే రెండో భాగమే లేదు. మీకు కోపం రావడం న్యాయం. ఏడాది తర్వాత మీ అంగడికీ వస్తాం, అప్పటిదాకా మేముంటే."

"ముందు సంతకం, తర్వాత ఏడుపు" అన్నాడు బాబాయి. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ వానాకాలం ముసురు పట్టి వదల్లేదు. ఒక పొద్దున కరెంటు భాయ్ ఫోన్ చేశాడు. "తమ్ముడూ, ఒకసారి రా. అన్న ఎవురితోనూ మాట్లాడట్లేదు." నేను పోయేసరికి రొయ్యలు గట్టు వారకు వచ్చేసి ఉన్నాయి. జబ్బు చేసినవి అట్లా ఒడ్డుకు వస్తాయి, నీళ్ళు వదిలి పోదామన్నట్టు. బాబాయి ఒకదాన్ని తీసి నాకు చూపించాడు. తల పెంకు మీద తెల్లగా, ముగ్గుపిండి చల్లినట్టు మచ్చలు. ఆ మచ్చ పడ్డ గుంట ఇక దక్కదు. ఏరేటర్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి.

"ఇంక ఆపేద్దామా అన్నా? డీజిలు..." అన్నాడు భాయ్.

"ఉండనీ. కాసేపు తిరగనీ."

నేను ఎంత పెద్ద ఏడుపునైనా ఒక్క జోకుతో పొడిచి గాలి తీసెయ్యగలనని నమ్మేవాణ్ణి. "ఇంతకంటే పెద్ద తుఫాన్లు దాటినాం గదా బాబాయ్, కెప్టెను చెప్తుండాడు, ఫుల్లు స్పీడు" అన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. తిడతాడని నిలబడి చూశాను. అప్పుడు తెలిసింది, ఆ పొద్దున తియ్యడానికి ఎక్కడా గాలి లేదని.

మిగిలిన చిన్న రొయ్యల్ని వచ్చిన ధరకు తోసేశారు. అది డీజిలుకే చాలలేదు. కౌలు గడువు దగ్గర పడింది, గుంట ఎండబెట్టి మళ్ళీ పిల్ల వెయ్యడానికి చేతిలో ఏమీ లేదు. ఒక సాయంత్రం మేతాయన కారు గట్టు మీదికొచ్చింది. కథల్లోలాగా ఆయన మీసం మెలెయ్యలేదు, నవ్వలేదు. మంచి మాటే మాట్లాడాడు. "నాకు ముందే ఒక మాట చెప్పుంటే పొయ్యేది గదా తమ్ముడూ. మనం మనం ఒకటి." పిన్ని టీ ఇచ్చి లోపలికి పోయింది. బాబాయి మళ్ళీ ఆ పాత ఒప్పందం కాగితం మీదే సంతకం పెట్టాడు. ఒకే ఒక్క కొత్త షరతు, కెమెరాలు తన ఫోనులో కూడా కనపడాలన్నాడు మేతాయన. దొంగల కోసం పెట్టిన కెమెరాలు అట్లా ఎట్టకేలకు ఒక పనిలో చేరాయి.

కారు పోయాక బాబాయి గట్టు మీద కూర్చుని, "అబ్బయా, ఆ నలుగురు ఏమో రాసినారే, ఇంకోసారి చదువు" అన్నాడు. చదివాను.

"అప్పటిదాకా మేముంటే. ఆ మాట అప్పుడు చదవలేదే నువ్వు?"

"చదివినాను బాబాయ్."

"నాకు వినపళ్ళా. వాళ్ళ గుంటలో గూడా మచ్చ పడుంటదిరా" అన్నాడు. "నువ్వు కొనుక్కో పో, ఆ కొత్త అంగట్లోనే. నా మాట నేనే తీసేసుకుంటుండా."

నేను కొనలేదు. సిద్ధాంతం కాదు, ఇంజను గదిలో ఎవరూ లేకుండా ఓడ కొని ఏం చేస్తాం? మధ్యాహ్నం పూట ఆయన కంప్యూటరు ముందు కూర్చోవడమే పోయింది. కూర్చుంటే, కెమెరాలో చూసి మేతాయన ఫోను చేసేవాడు. "ఏం తమ్ముడూ, ఒంట్లో బాలేదా, కూర్చోనున్నావే?"

ఏడాది తిరిగింది. ఆ సాగు బాగానే వచ్చింది. పట్టుబడి నాడు నేనూ ఉన్నాను. గట్టు మీదికి ఒక్కటే వ్యాను వచ్చింది. రేటు ఎవరూ అడగలేదు, ఎవరూ పెంచలేదు. బాబాయి లుంగీ మీదే ఉన్నాడు. తెల్లచొక్కా ఏమైందని అడగబోయి మింగేశాను. (నేను జీవితంలో మింగిన మొదటి జోకు అది. రుచి బాగాలేదు.)

ఆ నెలలోనే రెండో భాగం మా పాత అంగట్లోకి వచ్చింది. నాకొకటి కొని, ఇంకొకటి బాబాయి ఖాతాకు పంపి, ఫోన్ చేశాను. మరుసటి మధ్యాహ్నం ఆయన ఏం చేశాడో భాయ్ చెప్తే తెలిసింది. తడి తువ్వాలు తీసుకుపోయి షెడ్డు కెమెరా మీద ఆరేశాడు. అయిదు నిమిషాల్లో ఫోను.

"తమ్ముడూ, నాకేం కనపడట్లేదే?"

"కొంగ వాలినట్టుందన్నా. తోలతాలే."

కొత్త ఓడ పాతదానికంటే పెద్దది. నేను చుక్కాని పట్టుకున్నాను, ఆయన కిందికి దిగాడు. ఎదర మబ్బు కమ్ముతోంది. కావాలనే, తిట్లు తినాలనే, "ఫుల్లు స్పీడు!" అన్నాను.

"సరే" అన్నాడు.

బొగ్గు పడింది. ఇంజను ఎర్రబడుతుంటే, "ఇంకా పెంచమంటావా?" అని అడిగాడు. మెల్లగా, మర్యాదగా. ఏది చెప్తే అది చేశాడు. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఓడ అంత బుద్ధిగా ఎన్నడూ నడవలేదు. నేను ఎడమకు తిప్పవలసిన చోట కుడికి తిప్పాను, దిబ్బకు కొట్టాను, ముంచాను. అయినా ఒక్క తిట్టు పడలేదు.

ఆట మూసేస్తుంటే, "వాళ్ళ పేజీలో ఇంకొకటి రాయాలిరా" అన్నాడు. "మేము అప్పుడు తెలీక అన్నాం, మనసులో పెట్టుకోబాకండి, ఇప్పుడు మీ గుంట ఎట్టుంది, అని అడుగు." నేను ఒక్క అక్షరం కలపకుండా, ఆశ్చర్యార్థకాలు లేకుండా, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టాను. వారానికి జవాబొచ్చింది. పాపం, వాళ్ళు ఆటలో ఏదో చోట నీళ్ళ గుంట సరిగ్గా లేదని ఫిర్యాదు అనుకున్నారు. "తెలియజేసినందుకు ధన్యవాదాలు. గుంటలో ఏం తేడా కనిపించిందో, మీ కంప్యూటర్ వివరాలతో సహా పంపండి. తప్పకుండా బాగు చేస్తాం."

నేను పగలబడి నవ్వుతూ చదివాను. బాబాయి నవ్వలేదు.

"పంపురా అబ్బయా" అన్నాడు. "ఇప్పటిదాకా గుంట బాగు చేస్తామన్నోళ్ళు వీళ్ళే."

పంపాను. కొన్నాళ్ళకు ఆటకు ఒక సవరణ దిగింది, కింద ఒక వాక్యం, "నీటికి సంబంధించిన చిన్న చిన్న లోపాలు సరిచేశాం" అని. అప్పుడు నేను గట్టు మీద ఆయన పక్కనే ఉన్నాను. చదివి వినిపించాను. బాబాయి మేతాయన బోర్డు వెనకగా, తిరుగుతున్న ఏరేటర్ల వైపు చూశాడు.

"మన దాకా ఇంకా రాలేదురా" అన్నాడు.

ఇప్పుడు నేను ఉద్యోగం చేస్తున్నాను. నా కంప్యూటర్లో రెండు అంగళ్ళూ పక్కపక్కనే, గొడవ లేకుండా ఉన్నాయి. కొత్తదాంట్లో ఊరికే ఇచ్చినవి నేనూ తీసుకుంటాను, భాయ్ లాగే, ఆడకుండా. ఎవరో కుర్రాడు ఆట చేసినవాళ్ళను అమ్ముడుపోయారంటూ మూడు ఆశ్చర్యార్థకాలతో తిట్టడం ఎక్కడైనా చూస్తే ముచ్చటేస్తుంది, వెనకటి నేను అక్కడెక్కడో ఇంకా బస్సు దిగుతున్నట్టే ఉంటుంది, చుట్టం పోయిన మొహంతో. వాడితో ఏమీ అనను. కాళ్ళు కడుక్కో, పులుసుందని మాత్రం చెప్పాలనిపిస్తుంది.