మెత్తకాలు

కార్ల కంపెనీ పొగ పరీక్ష గదిలో కార్లు నడిపే ఆయన్ను అందరూ మెత్తకాలు అంటారు. రోలర్ల మీద కారు ఉన్నచోటే పరుగెడుతుంటే, ఎప్పుడెంత వేగం కావాలో చూపిస్తూ ఎదురుగా తెర మీద పాకే గీతను ఆయన యాక్సిలరేటర్‌తో వెంబడించాలి. అందుకోసం అరిగి అట్టలా పల్చబడిన బూట్లే తొడుక్కుంటాడు. "నా కాలి కింద కోడిగుడ్డు పెట్టి తొక్కించండి, పెంకు చిట్లితే అడగండి! ఓసారి పిల్ల కూడా పొదిగి బయటికొచ్చింది" అని కోతలు కోస్తాడు. ఇంట్లో భార్య ఆయన మాటల్లో సగానికి సగం తీసేసి, మిగిలింది కూడా నమ్మదు.

ఆ రోజు కొత్త పొగ నిబంధనల కింద డీజిల్ కారుకు ఆఖరి పరీక్ష. తప్పితే డీజిల్ ఇంజన్ల షెడ్డు మూతే. బావమరిది పనిచేసేది ఆ షెడ్డులోనే. "బావా, గీత పైకి లేచేచోట దానికి వెంట్రుకవాసి కిందనే పో. పొగ తగ్గుతుంది, ఎవడూ కనిపెట్టలేడు" అన్నాడు తలుపు దగ్గర. ఆయన కారెక్కి కూర్చున్నాడు. గీత నిట్టనిలువుగా లేచింది. కాలివేళ్ళు ఒక్క క్షణం వెనకాడాయి. రోడ్డెక్కాక ఎవడూ అంత ముద్దుగా తొక్కడు మరి. పళ్ళు బిగబట్టి గీత వెంటే తొక్కాడు. పొగ హద్దు దాటిందని ఎర్రదీపం వెలిగింది. కారు దిగేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"అక్కకి ఏం చెప్తావ్ బావా?"

"ఉన్నదున్నట్టు చెప్తా. నేనే తొక్కానని."

"నువ్వు చెప్తే నమ్మాలిగా!" అన్నాడు బావమరిది. నవ్వబోయి, నవ్వు రాక మొహం తిప్పుకున్నాడు.