మామ మెషీనుకు బ్యాటరీలు

మామ పోయారని నాన్న ఫోన్లో చెప్పినప్పుడు నేను లైబ్రరీలో ఉన్నాను. భోంచేసి కుర్చీలో కూర్చున్నవారు మళ్ళీ లేవలేదట. "ఏ మామ?" అని అడిగాను. నాకున్నది ఒకే మామ, మేనత్త భర్త.

బెంగళూరు పీణ్య ఫ్యాక్టరీల్లో లేతు మెషీన్ల మధ్య పనిచేసి రిటైరయ్యాక ఆయన ఒక మెటల్ డిటెక్టర్ కొన్నారు. దేవనహళ్ళి దగ్గర ఇల్లు కట్టాలని కొన్న వాళ్ళ సైటులో గడ్డి పీకుతుండగా అత్త కుడికాలి వెండి మెట్టె జారిపోయింది. దాన్ని వెతకడానికి ఆదివారాలు వెళ్ళేవాళ్ళు. నేనూ పుస్తకం పట్టుకుని వెళ్ళేదాన్ని. కాన్వెంటులో అలవాటైన మౌనం నాది. పుస్తకం మూసి మాట్లాడమని ఏనాడూ అనని పెద్దవాళ్ళలో ఆయన ఒక్కరే.

పక్క సైటు వాచ్‌మన్ ఎగతాళి చేసేవాడు. "ఏం స్వామీ, దేవనహళ్ళి కోట నిధి దొరికిందా?"

"సోడా మూతలు దొరికినాయప్పా. నీకు భాగమిస్తాలే," అనేవారు మామ.

మొదలుపెట్టే ముందు అత్త చెప్పు విడిచి ఎడమకాలు చాపేది. ఆ కాలికున్న మెట్టె మీద మామ మెషీను ఊపేవారు. కుయ్‌మనేది. "ఈ గొంతు గుర్తుపెట్టుకో, పుస్తకాలమ్మా. దీని జత గూడా ఇట్లే అరుస్తాది."

"పెండ్లిలో గూడా నా కాలు ఇంత శ్రద్ధగా చూడలేదు ఈయన," అనేది అత్త.

ఆయన ఎక్కువ మాట్లాడింది బ్యాటరీల గురించే. రీచార్జబుల్ వేస్తే మీటరు మొదటినుంచీ సగమే చూపిస్తుంది, చివరిదాకా ఒకే తీరుగా పనిచేసి చెప్పకుండా ఆగిపోతుంది. ఆల్కలైన్ నిండుగా మొదలై మెల్లగా దిగుతుంది. "నేనొక్కణ్ణే పోతే రీచార్జబుల్. మీ అత్త తోడుంటే ఆల్కలైన్. ఇంటికి పొయ్యే టైము ఆమెకి ముందే తెలియాల."

కర్మలయ్యాక అత్త నన్ను పిలిచింది. "సైటులో సోమవారం పునాది తవ్వుతారంట. ఒక్కసారి పోయొద్దాం. తీసేసిన మెట్టె డబ్బాలో ఉండాది. రెండూ ఒకచోట పెట్టాల నేను."

ఎస్పీ రోడ్డులో బ్యాటరీల అంగడాయన, "రీచార్జబులా, ఆల్కలైనా?" అన్నాడు. మామ చెప్పిందంతా గుర్తుంది, ఏది ఎప్పటిదో కలగలిసిపోయింది.

"దేనికమ్మా? గడియారానికా, రిమోట్‌కా?"

"మామకి."

ఆయన బ్యాటరీల డబ్బా ముందుకు లాగాడు. "మామకి ఎన్ని పడతాయి?"

"నాలుగు," అన్నాను. అత్త తోడుంటుందని గుర్తొచ్చి ఆల్కలైన్ తీసుకున్నాను.

ఆదివారం సైటులో నాలుగూ వేశాను. మీటరు నిండుగా చూపించింది. అత్త ఎప్పటిలాగే చెప్పు విడిచి ఎడమకాలు చాపింది. మెషీను ఊపాను. పలకలేదు. మళ్ళీ ఊపాను. మూత తీసి, ప్లస్సూ మైనస్సూ సరిచూసి వేశాను. మీటరు నిండుగానే ఉంది.

"వేరేవి తేవాల్సిందేమో అత్తా," అన్నాను.

అత్త తన కాలి వైపు చూసింది. అప్పుడు చూశాను. మెట్టె వేలి చుట్టూ తెల్లటి గీత. కాలు ఇంకా చాపే ఉంది.