మా అక్క బోరు గీత

ఆ మౌస్‌ను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్క లేదు. అడుగున రబ్బరు ఉండ తిరిగే పాత రకం. దుమ్ము పట్టి, గ్రాఫులో నాకు కావలసిన ముక్కను పెద్దది చేసి చూసేందుకు దాని చుట్టూ పెట్టె గీద్దామంటే పక్కకు జారిపోయేది. పొరపాటున రెండుసార్లు నొక్కుడు పడిందా, మళ్లీ మొత్తం గ్రాఫు ముందుకొచ్చి కూర్చునేది.

రెండువేల సంవత్సరం తర్వాతి రోజులు. నాగర్‌కర్నూల్‌లో భూగర్భజలాల లెక్కలు చూసే ఆఫీసులో కంప్యూటర్ పని నాది. మా అక్క బిజినేపల్లి దగ్గరి ఒక ఊరికి కోడలు. ఆ ఊరి మంచినీళ్ల బోరు కొలిచేది ఆమే. టేపు కొసకు ముగ్గుపిండి రాసి బోరులోకి వదిలి, ఎక్కడిదాకా తడిసిందో చూసి నాకు ఫోన్‌లో చెప్పేది. ఆ ఏడు ఎండలు ముదిరాక నీళ్లు మోటారు కిందికి దిగిపోయాయి.

"ట్యాంకరొస్తదా రాదా చెప్పు. చేన్లకెళ్లి బిందెలు మోసి నడుములు పోతున్నయి," అంది అక్క.

ట్యాంకర్ ఫైలుకు గ్రాఫు జతచేయాలి. అదీ అన్ని ఏళ్లదీ ఒకే కాగితం మీద ఉండాలి. వెనక ఒక ఏడు కుండపోత వానలకు నీళ్లు బోరు మూతిదాకా వచ్చాయి. ఆ ఎత్తంతా కాగితంలో ఇమిడేసరికి, ఆ వేసవిలో దిగిన నాలుగడుగులు వెంట్రుకంత తేడాగా కనిపించేవి. మోటారుకు నీళ్లు అందేది ఆ నాలుగడుగుల్లోనే అని గ్రాఫుకేం తెలుసు?

మధ్యాహ్నమంతా కుస్తీ పట్టి ఆ మూలను దగ్గరకు లాగాను. గీత మోటారు మట్టం దాటి దిగడం స్పష్టంగా కనిపించింది. సంబరంగా ప్రింట్ కొడితే కాగితం మీద మళ్లీ మొత్తం గ్రాఫే వచ్చింది. తెర మీద చూపించిందాన్ని కాగితానికి ఇవ్వడం దానికి చేతకాదట. నాకు ఏడుపొచ్చింది.

మా ఆఫీసు పెద్దసారును బతిమాలి తెర ముందుకు తీసుకొచ్చాను.

"గింతదాన్ని గంత చేసి చూపిస్తున్నవమ్మా. కాగితం మీద మంచిగనే ఉంది గద," అన్నాడాయన.

"మంచిగుంటే మోటారు దాకా టేపు దించినా ముగ్గు పొడిపొడిగ ఎందుకొస్తది సార్?"

ఆయన ఆ కాగితాన్నే ఫైల్లో పెట్టి పంపాడు. ట్యాంకర్ రాలేదు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక మౌస్‌ను బల్లకేసి కొట్టాను.

మరుసటి నెల అక్క నుంచి ఫోన్ రాలేదు. నేనే చేశాను.

"కొలిచినవా అక్కా?"

"కొలిస్తే ఏమొచ్చింది? టేపు గూట్ల పడేసిన. ముగ్గు వాకిట్ల ఏసుకుంటున్న, నీళ్లు చల్లకుంటనే," అంది.

కొలవడానికి ఇంకో మనిషిని పెట్టమని అడిగినా సారు పట్టించుకోలేదు. తర్వాతి వేసవిలో పై ఆఫీసు వాళ్లు ఆ ఊరి బోరు లెక్క అడిగితే ఆయనే నా దగ్గరికొచ్చాడు. గ్రాఫు మీద వేలు పెట్టి, "గీత ఈడ ఎందుకాగింది? జర దగ్గరికి గుంజమ్మా," అన్నాడు.

గుంజాను. ఎంత గుంజినా అక్కడ ఏమీ లేదు.