పొంగు దిగకముందే

మార్చి నెల, రెండో ఆదివారం. హాజరు: ఎర్ర సారు, పొంగనాలక్క, మేనేజరు, మా బామ్మర్ది, నేను, కోడి ఒకటి. నా డైరీలో ఆ పుట ఇలాగే మొదలవుతుంది. హైస్కూల్లో గుమాస్తాగా ముప్పై ఏళ్లు పట్టీలు రాసిన చెయ్యి. ముందు హాజరు వేయనిదే కలం కదలదు.

ఆ రోజుల్లో నేను కుర్రవాణ్ణి. అంటే వయసు అరవై దాటింది, మోకాళ్లు వాటి అభిప్రాయం అవి చెబుతూనే ఉన్నాయి. కానీ క్యాతగానచెర్లు దగ్గర సోలార్ పార్కు గెస్ట్ హౌస్‌లో సూపర్‌వైజరుగా చేరి అప్పటికి మూడు నెలలే అయింది. కొత్త ఉద్యోగంలో ఎవడైనా కుర్రవాడే. వరుస నంబర్లు వేసి కాగితం మీద రాస్తే లోకంలో కాని పని లేదని నమ్మే వయసు అది.

ఎర్ర సారు ఇంగ్లండు నుంచి ప్యానెళ్లు తనిఖీ చేయడానికి వచ్చిన ఇంజనీరు. మనిషి తాటిచెట్టంత పొడుగు. మన ఎండకు మొదటి వారంలోనే మిరపపండులా తయారైనందువల్ల ఆ పేరు వచ్చింది. రెండు నెలలు మా అన్నం, పప్పు, సంగటి నోరెత్తకుండా తిన్నాడు. సోమవారం పొద్దున ఊరికి వెళ్లిపోతాడనగా, శుక్రవారం నా దగ్గరికి వచ్చి, వాళ్ల అమ్మ ప్రతి ఆదివారం చేసే భోజనం ఒక్కసారి ఇక్కడ తినాలని ఉందన్నాడు. ముక్కలు కొట్టకుండా నిండుగా వేపిన కోడి, దాని పక్కన ఒక పొంగు రొట్టె. మైదా, గుడ్లు, పాలు, ఉప్పు కలిపి జారుగా పిండి చేయాలి. పొగలు కక్కే నూనెలో పోసి, నాలుగు పక్కలా వేడి తగిలే చోట మూసిపెట్టాలి. కాలేదాకా తెరవకూడదు, తిప్పకూడదు (ఈ చివరి మాట డైరీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను). అది గిన్నెలా పైకి లేస్తుంది. లోపలంతా డొల్ల. ఆ డొల్లలో పులుసు పోసుకుని తినాలి. నా డైరీలోనే బొమ్మ గీసి చూపించాడు. (చూడటానికి తలపాగా లాగా ఉంది.)

మేనేజరు ఈ సంగతి విని వంటింట్లోకి వచ్చాడు. "ఆయప్ప నగుతా పోవల్ల. మీతో కాదంటే ఇప్పుడే చెప్పండి, బెంగళూరు నుంచి వంటోళ్లని పిలిపిస్తా. వాళ్లొస్తే ఇంక వాళ్లే ఉంటారు" అన్నాడు.

అది నాకు చెప్పినట్టున్నా, తగిలింది పొంగనాలక్కకు. ఆమె చేతి పొంగనాలకు పార్కులో పేరు, అందుకే ఆ పిలుపు. (నాకన్నా పదేళ్లు చిన్నది. ఊరంతా అక్క అంటుంది కాబట్టి నాకూ అక్కే.) ఆమె నాలుగెకరాల చేను ప్యానెళ్ల కిందికి పోయింది. చేతికి మిగిలిన పని ఆ పొయ్యి ఒక్కటే. మేనేజరు వెళ్లాక ఆమె గరిటె కింద పెట్టి, "నా చేని మీద అద్దాలు పరిసినారు, ఊరుకుంటి. ఇప్పుడు నా పొయ్యి మీదికి గూడా ఎవురో వస్తారంట. చూస్తాం పా సార్, ఏంది ఆ రొట్టె" అంది.

శనివారం పరీక్ష. మాకు ఓవెన్ లేదు. ఏడు గుంటల పొంగనాల పెనం ఉంది, మూత ఉంది. నేను డైరీ చూసి ఒక్కో నంబరు చదువుతుంటే ఆమె చేసింది. నూనె పొగలు కక్కగానే పిండి పోసి మూత పెట్టింది. కాసేపటికి మూత అంచుల్లోంచి పిండి పైకి తొంగి చూసింది. నాకు ఒళ్లు పులకరించింది. మరుక్షణం అక్క మూత తీసి, సన్న ఊచతో టపటపా ఏడింటినీ పొడిచి బోర్లా తిప్పేసింది. ఏడూ ఉస్సుమని కూలబడ్డాయి.

"అక్కా! తిప్పగూడదని చెప్తి గదా!"

"తిప్పకుంటే రెండో పక్క యెట్ల కాలుతుంది సార్? వాళ్ల దేశంలో ఒగ పక్కే తింటారా?"

రెండో వాయి. ఈసారి తిప్పనని ఒట్టు పెట్టింది. పొంగగానే చెయ్యి దానంతటదే వెళ్లి తిప్పింది. "నేను గాదు సార్, ఊచ పోయింది" అని నిజంగానే బాధపడింది. మూడో వాయికి ఆమెను దూరంగా పీట మీద కూర్చోబెట్టి, ఊచ నేను తీసుకున్నాను. పిండి లేచింది, గుండ్రంగా, బంగారు రంగులో. ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. పుట్టినప్పటి నుంచి పొంగనాలు తిన్న ఒళ్లు కదా, చూస్తుండగా నేనే తిప్పేశాను.

అక్క పీట మీద నుంచి లేవకుండానే, "పుస్తకంలో రాసుకో సార్" అంది.

మా చేతులు చేరలేని చోట దీన్ని కాల్చాలని అప్పుడు అర్థమైంది. వై.ఎన్. హొసకోటలో మా బామ్మర్దికి బేకరీ ఉంది. ఆదివారం బన్నులు దిగాక భట్టీ వేడిగా ఉంటుంది, కేకులు పోసే కప్పులూ ఉంటాయి. పిండి తీసుకుని అక్కా నేనూ ఆటోలో వెళ్లాం. బామ్మర్ది నా డైరీ చదివి, "ఏంది బావా, చక్కెర లేదు, సోడా లేదు. ఇది లేస్తే నేను బేకరీ మూసుకుంటా" అన్నాడు. భట్టీ తలుపు తెరిచేసరికి పన్నెండు తలపాగాలు! ఎర్ర సారు గీసిన బొమ్మ అచ్చుపడినట్టు ఉన్నాయి. బేకరీ మాత్రం మూయలేదు.

ఇక వేడి పోకూడదు. మా వైపు వేడివేడిగా ఏదైనా పంపాలంటే ఒక పద్ధతి ఉంది: స్టీలు డబ్బాలో పెట్టి, బిగించి మూత వేసి, కంబళి చుట్టాలి. అంతా పద్ధతి ప్రకారం చేశాను. గెస్ట్ హౌస్‌లో, అక్క పొద్దునే వండిపెట్టిన కోడి, పులుసు ఉన్న బల్ల ముందు ఎర్ర సారు తెల్ల తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. నేను కంబళి విప్పి, మూత తీశాను. లోపల చెమటపట్టి, ముడుచుకుని, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, బావిలో నుంచి తీసిన మేజోళ్లలా. ఎర్ర సారు మర్యాదస్థుడు. ఒకటి పైకెత్తి అటూ ఇటూ చూసి, వాళ్ల అమ్మకు కూడా ఒక్కోసారి ఇలా వచ్చేవన్నాడు. అంత పెద్ద అబద్ధం ఆ మనిషి నోట అంతకుముందు వినలేదు.

మేనేజరు ఫోను తీశాడు. బెంగళూరుకే అని మాకు తెలుసు. సిగ్నల్ కోసం మేడ మీదికి వెళ్లాడు. అక్క నా వైపు చూసి మెల్లగా అంది: "సార్, పొంగినది మోసుకొచ్చేది గాదు. తినేటాయప్పనే మోసుకుపోదాం పా."

నా డైరీలో ఆ నంబరు లేదు. అయినా అయిదు నిమిషాల్లో ఆటో కదిలింది. ఎర్ర సారు మోకాళ్లు ఆయన గడ్డానికి ఆనుతున్నాయి, ఒడిలో కోడి ఉన్న మూకుడు. అక్క చేతిలో పులుసు గిన్నె, నా చేతిలో మిగిలిన పిండి. దారిలో ప్రతి గుంతకూ కోడి ఒకసారి లేచి కూర్చుంది. ఎర్ర సారు ఎక్కడికని ఒక్కసారీ అడగలేదు.

పిండి మళ్లీ భట్టీలోకి వెళ్లేసరికి బేకరీ ముందు జనం చేరారు. లోపల ఏముందో చూడాలని ప్రతివాడూ భట్టీ తలుపు మీద చెయ్యి వేయబోయాడు. అక్క తలుపుకు అడ్డంగా నిలబడింది. "ఎవుడన్నా తెరిస్తే వాన్నే లోపలేస్తా!" అని, కొప్పులో దోపుకొచ్చిన ఊచ తీసి నా చేతిలో పెట్టి, "నా దగ్గర వద్దు సార్, నీ దగ్గరా వద్దు, ఆయప్పకే ఇయ్యి" అంది. ఇచ్చాను. ఎర్ర సారు దాన్ని కలంలా జేబులో పెట్టుకున్నాడు.

తలుపు తెరిచారు. లేచినవి లేచినట్టే బల్ల మీదికి వచ్చాయి. ఎర్ర సారు బన్నుల పక్కన నిలబడి, డొల్లలో అక్క కోడిపులుసు పోసుకుని, మొదటిది రెండు ముక్కల్లో తిన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికో, అమ్మకో డైరీలో రాయలేదు. తర్వాత, పార్కు కూలీలు నేర్పిన ఒకే ఒక్క తెలుగు మాట అన్నాడు: "ఇంకొకటి."

అప్పుడే మేనేజరు బైకు మీద వచ్చాడు, ముఖం మాడ్చుకుని. ఎర్ర సారు ఆయన చేతిలో ఒకటి పెట్టాడు. తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. చివరికి, "ఇంత దానికి బెంగళూరోళ్లు ఎందుకప్పా" అన్నాడు, పిలుస్తానన్నది ఇంకెవరో అయినట్టు.

మరునాడు పొద్దున జీపు ఎక్కేముందు ఎర్ర సారు వంటింట్లోకి వచ్చాడు. అక్క పొంగనాలు పోస్తోంది. మూత తీసి, గరిటె కొసతో తిప్పబోయింది. ఆయన "వద్దు" అన్నట్టు అరిచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అక్క నవ్వింది. ఆయన జేబులోని ఊచ తీయించి, "ఇది తిప్పేదే. తిప్పు నాయనా" అంది. ఆయన ఒకదాన్ని తిప్పాడు. అది కూలలేదు. పొంగనం కదా.

ఊచ తిరిగి ఇవ్వలేదు. (విమానంలో ఎలా దాటించాడో దేవుడికి తెలియాలి.) శుక్రవారం బొమ్మ గీసిన పుటలో, "తిప్పకూడదు" అన్న పెద్ద అక్షరాల కింద, "కొన్నింటిని" అని ఆ అరవై ఏళ్ల కుర్రవాడు చిన్నగా చేర్చాడు. పక్కన ఒక నూనె మరక, సరిగ్గా పెనం గుంట అంత గుండ్రంగా. ఇప్పుడు ఆ పుట తిప్పినప్పుడల్లా చూపుడు వేలు దాని అంచున ఒకసారి తిరిగి వస్తుంది.