నచ్చిన గిటారును తిట్టిన రోజు

మా కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఏమడిగినా "మీ ఇష్టం అత్తయ్యగారూ" అనేది. ఏ కూర వండాలన్నా, ఏ చీర కొనాలన్నా అదే మాట. అణకువ గల పిల్ల అని ఇంట్లో అందరూ మురిసిపోయారు. కొన్నాళ్ళు నేనూ మురిశాను. తరవాత దిగులు పట్టుకుంది. ఇంటి మనిషి చుట్టపుచూపుగా వచ్చినట్టు మసలుతుంటే ఎలా?

యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక దినపత్రిక నేల మీద పరిచి, పెద్దక్షరాల మీద నా వేలు పెట్టించేది. ఏదైనా ఇద్దామని "నీకేం కావాలే?" అంటే ఏం చెప్పిందో వేరే రాయాలా? కాకినాడలో పుట్టింట్లో ఉన్నప్పుడు వాళ్ళన్నయ్య గిటారు తీసుకుని తనే వాయించేదట. ఆ సంగతి కూడా మా అబ్బాయి చెబితేనే తెలిసింది.

రాజమండ్రిలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "పాత వాయిద్యాలు కొనబడును, అమ్మబడును" అన్న బోర్డును రిక్షాలో కూర్చుని కూడబలుక్కుంటూ చదివాను. చివరి మాట దగ్గరికొచ్చేసరికి రిక్షా మలుపు తిరిగిపోయింది. అయినా చాలింది. కోతలయ్యాక కోడల్ని వెంటబెట్టుకుని మండపేటలో బస్సెక్కాను. ఆ కొట్లో దేన్నైనా చూపించి "నాకు ఇది కావాలి" అంటుందేమోనని నా ఆశ.

కొట్టాయన పెద్దవారు. రెండు గిటార్లు దించి బల్ల మీద పెట్టారు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఈడువి, ధర కూడా ఒకటే. ఒకటి కొత్తగా వార్నిష్ కొట్టి మెరుస్తోంది. రెండోదాని నిండా గీతలు, తీగల కింద చెక్క చేతి రాపిడికి రంగు పోయి తెల్లబడింది.

కోడలు ముందు మెరిసేది వాయించింది. తీగలు మెడకి మరీ ఎత్తుగా ఉన్నాయేమో, నొక్కి నొక్కి వేళ్ళ కొసలు పాలిపోయాయి. మోత మాత్రం బాగానే ఉంది. తరవాత రెండోది ఒళ్ళోకి తీసుకుంది. తీగ వదిలేశాక కూడా దాని మోత కాసేపు చెక్కలో నిలిచింది. తనకి తెలియకుండానే కోడలి కాలు తాళం వేస్తోంది. ఆ పట్టీలు అంత చప్పుడు చేయడం మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

ఇదే అనుకున్నాను. అనుకున్నాక నా పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? చిన్నప్పుడు మా నాన్న వెంట గేదెల సంతకి వెళ్ళినదాన్ని. మనసుపడ్డ గేదెనే నలుగురి ముందూ దుయ్యబట్టాలి. నచ్చినట్టు కనబడితే బేరం పోయినట్టే.

"ఇదేంటండీ, ఒళ్ళంతా గీతలే! ఎవరింటి అటక మీద పడుందో. గట్టిగా వాయిస్తే చెక్క ఊడి చేతికొచ్చేలా ఉంది" అన్నాను.

"పాతదే కదమ్మా మీరు అడిగింది" అన్నారాయన.

"పాతదంటే పండు ముసలిదా అండీ? దీన్ని ఇంటికి తీసుకెళ్తే మా ఆయన నన్ను కూడా తీసుకొచ్చి మీ కొట్లో పెట్టేస్తారు."

ఆయన నవ్వారు. కోడలు నవ్వలేదు. ఒళ్ళో ఉన్న గిటారును మెల్లగా బల్ల మీద పెట్టేసి, మెరిసేదాన్ని చూపించింది.

"మీ ఇష్టం అత్తయ్యగారూ. అదే తీసుకుందాం."

నేనాడింది బేరమని పట్నంలో పెరిగిన పిల్లకి ఎలా తెలుస్తుంది? ఆయన ఎదురుగా చెప్పలేను. సైగ చేద్దామంటే తల ఎత్తదు. ఆయన అప్పుడే మెరిసేదాన్ని సంచిలోకి దూర్చి జిప్పు లాగుతున్నారు. బేరం పోతే పోయిందని నోరు తెరవబోయాను.

"వద్దండీ" అంది కోడలు. కొట్టాయనతో కాదు, నాతోనే. "అత్తయ్యగారూ, నాకు అది వద్దండి. గీతలున్నా ఫర్వాలేదు. నాకు ఇదే కావాలి."

తల వంచుకునే అంది గానీ, చెయ్యి మాత్రం పాత గిటారు మెడ మీద బిగించి ఉంచింది.

కొట్టాయన జిప్పు వెనక్కి లాగారు. "మాదీ వ్యవసాయమేనమ్మా. నచ్చని గొడ్డుని అంతసేపు ఎవరు తిడతారండి?" అన్నారు నాతో. "అమ్మాయిగారు నోరు విప్పేశారు. ఇంక మీకు బేరం లేదు."

"లేకపోతే పోయిందిలెండి" అన్నాను. అంత సంతోషంగా నేను ఓడిపోయిన బేరం ఇంకోటి లేదు.

బస్సులో గిటారును ఇద్దరి మధ్యా నిలబెట్టుకున్నాం. కడియం దాటాక "మీకు నిజంగా నచ్చలేదా అత్తయ్యగారూ?" అని అడిగింది. గేదెల సంత సంగతి చెప్పాను. కిటికీ వైపు తిరిగి చాలాసేపు నవ్వింది.

ఆ వారంలోనే, నేను పట్టే చింతకాయ పచ్చడి తనకి అస్సలు పడదని కూడా చెప్పేసింది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ రోజూ తింటోంది.