పటంలో లేని తండా

2022 జూన్. కరోనా గందరగోళం తీరి బడులు మళ్లీ వేళకు తెరుచుకున్న ఏడాది. కోదాడ దగ్గర ఒక బాలికల గురుకులంలో నేను లైబ్రేరియన్‌ని. మా లైబ్రరీ భోజనశాల పక్కన పొడుగాటి గది. మధ్యాహ్నం కాబోతుండగా పప్పుచారు తాలింపు వాసన కిటికీలోంచి వచ్చేది. ఆ తర్వాత ఏ పిల్ల చూపూ పుస్తకం మీద నిలిచేది కాదు.

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. మాది మిర్యాలగూడ. నాన్న రైస్ మిల్లులో హమాలీ. బడి వదిలాక ఆయన పని ముగిసేదాకా నేను శాఖా గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. అక్కడ ఫ్యాను తిరిగేది, వెళ్లిపొమ్మనే వాళ్లు లేరు. ఇంటర్‌తో కాలేజీ చదువు ఆగింది గాని ఆ గదిలో చదవడం ఆగలేదు. డిగ్రీ, లైబ్రరీ సైన్సు అన్నీ దూరవిద్యలోనే పూర్తి చేశాను. నాకు తెలిసిన నాలుగు మాటలూ ఆ బల్లల దగ్గర నేర్చినవేనని ఎవరడిగినా గర్వంగానే చెబుతాను.

మా పనిలో వీడింగ్ అని ఒకటుంటుంది. చిరిగిన పుస్తకాలను, కాలం చెల్లిన సమాచారం ఉన్న వాటిని అలమారల్లోంచి తీసేయడం. పొలంలో కలుపు తీయడం లాంటిదే. ఆ జూన్‌లో ఏడో తరగతి పిల్లలు సాయం పట్టారు. నేను తీసి ఇస్తుంటే వాళ్లు మూలన పోగు పెడుతున్నారు. ఉమ్మడి జిల్లా నాటి పటాల పుస్తకం ఒకటి చేతికొచ్చింది. మండలానికో పేజీ. జిల్లాలు విడిపోయి ఏళ్లయింది, అట్ట ఊడింది. పోగులో వెయ్యమని శిరీష అనే పిల్లకిచ్చాను. ఎంతసేపటికీ ఆ పిల్ల దాన్ని చేతిలోంచి వదల్లేదు.

"మేడం, ఇది పడేయకుండ్రి."

"పాతదమ్మా అది. కొత్త పటం గోడకున్నది గదా."

"గోడ మీది దాంట్ల మా ఊరు లేదు మేడం. దీంట్ల ఉన్నది."

శిరీషది మఠంపల్లి వైపు. లంబాడీ పిల్ల, ఇంట్లో వాళ్ల భాష, బడిలో తెలుగు. కృష్ణ ఒడ్డున ఉండిన వాళ్ల ఊరు ప్రాజెక్టు కట్టాక నీళ్లలో మునిగింది. మిట్ట మీద కట్టిన కాలనీకి అందరినీ తరలించారు. శిరీషకు ఊహ తెలిసింది ఆ కాలనీలోనే. మునిగిన ఊరి సంగతంతా వాళ్ల దాది చెబితే విన్నదే. దాది అంటే నాన్నకు అమ్మ. పేరు మంగ్లి.

హైవే మీది మునగాల నుంచి వచ్చిన రేణుక ఊరుకుంటుందా? "అయితె మీ ఇల్లు నీళ్లల్లనానే? నువ్వు చాపపిల్లవా?"

"నీ తీర్గ దాబా ముంగట లారీలు లెక్కపెట్టుకుంట పెరగలే పో" అంది శిరీష. అందరూ నవ్వారు. పుస్తకాన్ని నా బల్ల మీద పెట్టించాను.

ఆ సాయంత్రమే శిరీష హాస్టల్ ఫోను నుంచి ఇంటికి చేసింది. "దాదీ, మన తండా పుస్తకంల ఉన్నది. రెండో ఆదివారం రా, సూపిస్త." గురుకులాల్లో తల్లిదండ్రులు పిల్లలను చూడటానికి వచ్చేది రెండో ఆదివారమే.

తర్వాతి లైబ్రరీ పీరియడ్‌లో కొత్త పటం గోడ మీదనుంచి దింపి పాతదాని పక్కన పరిచాను. చదివినదాన్నల్లా నమ్మకుండా తరచి చూడటం పిల్లలకు నేర్పాలన్నది నా పట్టుదల. అందుకే గోడకు ఒక చార్టు అంటించి రెండు ప్రశ్నలు రాసి ఉంచాను: ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు?

"ఈ రెండిట్ల ఏది అబద్ధం?" అని అడిగాను.

"పాతదే మేడం" అంది రేణుక. "లేని ఊరు ఉన్నదని చెప్తున్నది."

"రాసినప్పుడుండె గదా!" శిరీష లేచి నిలబడింది.

"మరి కొత్తదాంట్ల లేదేంది?"

"ఇప్పుడు నీళ్లున్నయి, నీళ్లే రాసిండ్రు."

కాసేపు గోల గోలైంది. చివరికి రేణుకే తల గోక్కుంటూ, "రెండూ నిజమే మేడం. ఎప్పటిదో సూసుకోవాలె, గంతే" అంది. నా ప్రాణం లేచి వచ్చింది. ఇంతకంటే మంచి పాఠం నేను చెప్పలేదనుకున్నాను.

శిరీష మాత్రం పాత పటం మీది నుంచి వేలు తీయలేదు. ఊరి పేరు దగ్గరినుంచి వాగు దాకా, వాగు దాటి అవతలికి, మళ్లీ వెనక్కి జరుపుతోంది.

"మేడం, మా తండా లేదు."

"ఊరున్నది గదా?"

"ఊరు వేరు, తండా వేరు మేడం. దాది ఊర్లెకు కూలికి పోయేది. మేముండేది వాగుకు అవతల." పేజీలో అక్కడ ఏమీ లేదు, తెల్లగా ఉంది. మొదటి రోజు ఊరి పేరు కనబడగానే తండా కూడా ఉండే ఉంటుందనుకుంది పాపం. "అప్పటికి నీళ్లు గూడ రాలేదు గద మేడం. మరెందుకు రాయలే?"

నా చార్టులోని రెండు ప్రశ్నలూ ఆ పిల్ల ప్రశ్నకు సరిపోలేదు.

బెల్లు కొట్టాక అందరూ వెళ్లినా ఆమె వెళ్లలేదు. "జర పెన్నియ్యిండ్రి మేడం. నేనే రాస్త. దాదికి సదువు రాదు, ఏం ఎరుకైతది?"

"తర్వాత చదివే పిల్లలకు?"

"తండా ఉన్నది నిజమే గద మేడం. అబద్ధమేం రాస్తలేను గద."

"నిజమే. కాని ఆ మాట ఈ పుస్తకం చెప్పలే. నువ్వు చెప్తున్నవ్. చెప్పెటోళ్లు ఎవరో చదివెటోళ్లకు తెలవాలె."

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆమెకు బస్సు పడదు మేడం. అయినా వస్తనన్నది."

సోషల్ టీచరు దగ్గర ట్రేసింగ్ పేపరు అడిగి తెచ్చాను. కింది గీతలు పైకి కనబడే పలుచని కాగితం. "దీన్ని పటం మీద పెట్టి రాయి. దాది చెప్పినదని రాయి, కింద నీ పేరు పెట్టు. కాని పుస్తకంలో లేదన్న మాట ముందు నువ్వే ఆమెకు చెప్పాలె" అన్నాను.

రెండో ఆదివారం మంగ్లి వచ్చింది. జొన్నరొట్టెల మూట విప్పనైనా విప్పకుండా, చెప్పులు బయట వదిలి, నేరుగా లైబ్రరీలోకి వచ్చి "ఏదే?" అంది.

శిరీష పేజీ తెరిచింది. వేలు ఊరి పేరు మీద ఆగింది. ఇదేనంటే అయిపోయేది, ముసలామె మురిసిపోయి వెళ్లేది. శిరీష నా వైపు చూసింది. నేను ఏ సైగా చేయలేదు. తర్వాత వాళ్ల భాషలో మెల్లగా ఏదో చెప్పింది. మంగ్లి ముఖం వాడిపోయింది. చాలాసేపు ఆ తెల్లటి చోటునే చూసి నాతో తెలుగులో అంది:

"గీ పటం రాసినాయన వాగు దాటలేదా బిడ్డా?"

"ఏమోనమ్మా."

"దాటలే. మోకాల్లోతు నీళ్లే. వస్తే రొట్టె పెడ్దుము." ఆ మాటలో నవ్వు లేదు. "కృష్ణ ఏది?"

చూపించాను. మంగ్లి వేలు నది మీదనుంచి బయలుదేరింది. శిరీష ట్రేసింగ్ పేపరు పరిచి పెన్సిలు పట్టుకుంది. "గీడ నది దాటే పుట్టి కట్టేటోళ్లు. గిది వాగు. గీడ మా బాయి, ఎండకాలం గూడ నీళ్లు తియ్యగ ఉంటుండె. గీడ నా పెండ్లి పందిరి." పెన్సిలు వెంట వెంట నడుస్తోంది. బావికి కొంచెం ఎగువన ఆ వేలు ఆగిపోయింది. "గీడ నా సిన్నకొడుకును మట్టిల పెట్టినం. శంకర్."

శిరీష తలెత్తింది. అట్లాంటి బాబాయి ఒకడుండేవాడని ఆమె ఎన్నడూ వినలేదు. "అది గూడ రాయాల్నా దాదీ?"

"రాయి. పేరు రాయి."

రాసింది. కాగితం మూలన: చెప్పింది మంగ్లి, రాసింది శిరీష, ఏడో తరగతి. మంగ్లి పెన్సిలు గీతలను ఒత్తకుండా, పైపైన, చెరిగిపోతాయేమోనన్నట్టు తడిమింది.

నాకు మనసు ఆగలేదు. "ఈ పుస్తకం ఎట్లాగూ తీసేద్దామనుకున్నదే. ఇంటికి తీసుకుపోతారా అమ్మా?" అన్నాను.

"మా ఇల్లు వానకు కురుస్తది బిడ్డా" అంది మంగ్లి. "ఒకసారి నీళ్లల్ల పోయింది సాలు. గీడ్నే ఉండనియ్యి."

మర్నాడు చూస్తే నా చార్టులో మూడో ప్రశ్న చేరి ఉంది, శిరీష దస్తూరీలో: ఎవరిని అడగలేదు? ఇప్పుడు ఏ వార్త చదివినా, ఫోన్లో ఏ మెసేజి వచ్చినా మా పిల్లలు ముందు ఆ ప్రశ్నే అడుగుతారు. ఒక మధ్యాహ్నం నేనూ అదే పుస్తకంలో మిర్యాలగూడ పేజీ తీశాను. రైలు స్టేషను, కాలువ, మిల్లులు ఉన్నాయి. మా హమాలీ బస్తీ లేదు. చిన్నప్పటినుంచీ ఇన్ని చదివినదాన్ని, ఎక్కడా దాని కోసం వెతకాలని తోచనే లేదు. వీధి పంపు దగ్గర బిందె పట్టుకుని నిలబడిన అమ్మ గుర్తొచ్చింది.

అచ్చులో ఉన్నదాన్ని చదవడం నాకు గ్రంథాలయం నేర్పింది. లేనిదాన్ని వెతుక్కుంటూ చదవడం ఈ ఏడో తరగతి పిల్ల దగ్గర నేర్చుకున్నాను. వీడింగ్ చేసేటప్పుడు ఇప్పుడు ప్రతి పుస్తకాన్నీ ఒకసారి పిల్లల చేతుల్లో పెట్టి, ఎవరైనా అడ్డుపడతారేమో చూశాకే పోగులో వేస్తాను.

పటాల పుస్తకం, ఆ పేజీ మీద అతికించిన ట్రేసింగ్ పేపరుతో సహా, ఇప్పుడు రిఫరెన్స్ అలమారలో ఉంది. అంటే ఇక్కడే కూర్చుని చూడాలి, ఇంటికివ్వం. మంగ్లికి మోకాళ్లు పట్టేశాయి, ఆదివారాలు రావడం మానేసింది. శిరీష ఫోన్ చేసినప్పుడల్లా ఆమె ముందు అడిగేది ఒకటే మాట: "ఉన్నదా?" శిరీష లైబ్రరీ కిటికీ వైపు చూసి, "ఉన్నది దాదీ" అంటుంది. ఆ తర్వాతే తిండి గురించి, పరీక్షల గురించి.

శిరీష పదో తరగతికి వచ్చింది. ఈ వేసవితో వెళ్లిపోతుంది. మొన్న పుస్తకాలు తిరిగిస్తూ గుమ్మంలో ఆగి, "మేడం, నేను పోయినంక దాదికి ఎవరు చెప్తరు?" అంది.

మంగ్లి నంబరు నా ఫోన్లో ఎక్కించుకున్నాను.